లోటు వాన, స్వల్ప వాన: రెండు ఆంగ్ల పదాల మధ్య భేదం

జూన్ నెల సగం గడిచేసరికి బి. కొత్తకోట ప్రాంతంలో రైతుల చూపులన్నీ ఆకాశం వైపు తిరుగుతాయి. చెనిక్కాయ విత్తనం వలిచి సిద్ధంగా ఉంటుంది. దుక్కి దున్ని ఉంటుంది. ఒక మంచి పదునుకు తగిన వాన పడితే చాలు, గొర్రు కట్టవచ్చును. ఒకనాటి సాయంకాలం హార్సిలీ కొండ మీద మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలి ఆగిపోతాయి. రైతు పొలంలోకి వెళ్లి కాలి బొటనవ్రేలితో మన్ను కదిపి చూస్తాడు. పైమన్ను తడిసినది, అడుగున పొడిగానే ఉన్నది. "చాలదు" అని ఒక్క మాట అని ఇంటికి తిరిగి వస్తాడు.

పొలం దగ్గర ఆ ఒక్క మాట సరిపోతుంది. కాని వాతావరణ శాఖ లెక్కలలో ఆ ఒక్క మాట సరిపోలేదు. 2015వ సంవత్సరం వరకు ఆ శాఖ ఆంగ్లంలో ప్రకటించిన వర్షపాత పట్టికలలో, వాన తగ్గిన జిల్లాలకు రెండు వేరు వేరు విశేషణాలు కనిపించేవి. కొన్ని జిల్లాల ఎదుట "డెఫిషియంట్" అని, మరి కొన్నింటి ఎదుట "స్కాంటీ" అని ఉండేది. విద్యార్థి నిఘంటువు తెరిచి చూస్తే రెండింటికీ "తక్కువైన", "చాలని" అనే అర్థాలే దొరకవచ్చును. రెండింటి అర్థమూ ఒకటే అయితే రెండు పదాలు ఎందుకు? ఒకటి కాకపోతే వాటి మధ్య భేదమేమి?

ఇది ఆంగ్ల భాషాబోధకుని ప్రశ్నవలె కనిపిస్తుంది. కాని దీనికి జవాబు నిఘంటువులో కొంత, వర్షమాపకంలో కొంత, రైతు పొలంలో కొంత ఉన్నది.

పదాల పుట్టుక

"డెఫిషియంట్" అనే మాట లాటిన్ భాష నుంచి వచ్చినది. దాని మూలక్రియకు "లోపించుట", "విఫలమగుట" అని అర్థం. అక్కడ ఉండవలసినది ఏదో ఉన్నది. అది పూర్తిగా లేదు. కాబట్టి ఈ మాట వినగానే "దేనికంటె తక్కువ?" అనే ప్రశ్న పుట్టవలెను. ఒక ప్రమాణం ముందుగా మనస్సులో లేకుండా ఈ పదాన్ని వాడడానికి వీలులేదు.

"స్కాంటీ" అనే మాట ఉత్తర యూరపు దేశాల ప్రాచీన నార్సు భాష నుంచి వచ్చినది. అక్కడ దాని మూలానికి "పొట్టి", "కురచ" అని అర్థం. కురచ వస్త్రం కంటికే కురచగా కనిపిస్తుంది. ఈ మాట ఉన్న వస్తువు పరిమాణాన్ని చెబుతుంది. ఇది పుట్టించే ప్రశ్న "దేనికంటె తక్కువ?" అనేది కాదు, "అసలు ఎంత ఉన్నది?" అనేది.

తెలుగులో ఈ భేదాన్ని ఒక కుండతో చెప్పవచ్చును. కుండ అంచువరకు నిండక పైన మిగిలిన ఖాళీకి "వెలితి" అని పేరు. వెలితిని చెప్పాలంటే కుండ ఉండవలెను. కుండ లేనిదే వెలితి లేదు. "డెఫిషియంట్" అనే మాట వెలితిని చూపుతుంది. కుండ సంగతి ఎత్తకుండా "నీళ్లు చారెడే ఉన్నవి" అంటే అది "స్కాంటీ". మొదటి మాట ఖాళీని చూస్తున్నది, రెండవ మాట ఉన్న నీటిని చూస్తున్నది. పెద్ద కాగులో పది బిందెల నీళ్లున్నా వెలితి ఉండవచ్చును. చిన్న చెంబులో చారెడు నీళ్లతోనే వెలితి తీరవచ్చును.

వాక్యనిర్మాణంలో కూడ ఈ భేదం బయటపడుతుంది. "ముప్పది శాతం లోటు" అని తెలుగులో సహజంగా అంటారు. "ముప్పది శాతం స్వల్పం" అని ఎవరూ అనరు. ఆంగ్లంలోను అంతే. "డెఫిషియంట్" పక్కన ఇంత అనే అంకెను చేర్చవచ్చును; "స్కాంటీ" పక్కన అట్టి అంకె కుదరదు. ఒక మనిషి ఇనుములో "డెఫిషియంట్" కావచ్చును గాని "స్కాంటీ" కాలేడు. అతని భోజనం మాత్రం "స్కాంటీ" కావచ్చును.

వాన లెక్క

వానను కొలిచే సాధనం వర్షమాపకం. భారతదేశంలో చిరకాలం వాడుకలో ఉన్న సైమన్సు వర్షమాపకానికి 127 మిల్లీమీటర్ల, అనగా అయిదు అంగుళాల వ్యాసం గల గరాటు ఉంటుంది. గరాటు నుంచి దిగిన నీరు లోపలి సీసాలో చేరుతుంది. ప్రతిదినం ఉదయం 8 గంటల 30 నిమిషాలకు ఆ నీటిని కొలపాత్రలో పోసి, గడచిన 24 గంటల వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో వ్రాసుకొంటారు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. ఎకరానికి సుమారు 4,047 లీటర్లు. ఒక రోజు 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని కురిస్తేనే దానిని వాన కురిసిన రోజుగా లెక్కిస్తారు.

సీసాలో ఉన్న నీటిని చూసి "ఇది కొద్దిగా ఉన్నది" అని చెప్పడానికి కన్ను చాలు. "ఇది లోటు" అని చెప్పడానికి కన్ను చాలదు, పాత పుస్తకాలు కావలెను. ఆ స్థలంలో అదే కాలంలో ఎన్నో సంవత్సరాలుగా కురిసిన వానకు సగటు కట్టి దానిని "సాధారణ వర్షపాతం" అంటారు. కురిసిన వాన నుంచి సాధారణ వర్షపాతాన్ని తీసివేసి, వచ్చిన దానిని సాధారణ వర్షపాతంతో భాగించి, నూటితో గుణిస్తే విచలన శాతం వస్తుంది.

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ 2015 వరకు ఈ విచలనాన్ని అయిదు తరగతులుగా విభజించి వాడినది. సాధారణం కంటె 20 శాతం గాని అంతకు మించి గాని ఎక్కువైతే అధికం. 19 శాతం ఎక్కువ నుంచి 19 శాతం తక్కువ వరకు సాధారణం. 20 నుంచి 59 శాతం వరకు తక్కువైతే "డెఫిషియంట్". 60 నుంచి 99 శాతం వరకు తక్కువైతే "స్కాంటీ". నూటికి నూరు శాతం తక్కువైతే వాన లేదు.

ఒక ఊరిలో ఒక నెల సాధారణ వర్షపాతం 120 మిల్లీమీటర్లు అనుకొంటే, ఆ నెలలో 100 మిల్లీమీటర్లు కురిసినప్పుడు తగ్గుదల సుమారు 17 శాతం; ఇది సాధారణమే. 90 మిల్లీమీటర్లు కురిస్తే తగ్గుదల 25 శాతం, ఇది "డెఫిషియంట్". 36 మిల్లీమీటర్లే కురిస్తే తగ్గుదల 70 శాతం, ఇది "స్కాంటీ".

ఇక్కడ ఒక విశేషం గమనించవలెను. వాడుక భాషలో రెండు వేరు ప్రశ్నలకు జవాబులైన మాటలను, ఈ పట్టికలో ఒకే కొలబద్ద మీద రెండు మెట్లుగా అమర్చినారు. "స్కాంటీ" అనే మాట తన సహజార్థాన్ని విడిచి "చాలా పెద్ద లోటు" అనే పారిభాషికార్థాన్ని తెచ్చుకొన్నది. శాస్త్రంలో పదాలకు ఇట్టి నియతార్థాలు కల్పించడం తప్పు కాదు. భౌతికశాస్త్రంలో "పని", "శక్తి" అనే మాటలకు కూడ వీధిలోని అర్థం వేరు, పుస్తకంలోని అర్థం వేరు. అయితే ఏ అర్థంలో వాడుతున్నారో మరచిపోతే చిక్కు వస్తుంది.

చిరపుంజి, జైసల్మేరు

ఆ చిక్కును రెండు ఊళ్లలో చూడవచ్చును. మేఘాలయలోని చిరపుంజిలో ఏటా సగటున సుమారు 11,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఒక సంవత్సరం అక్కడ 7,700 మిల్లీమీటర్లే కురిసినదని ఊహించినట్లయితే, తగ్గుదల 30 శాతం. పట్టిక ప్రకారం ఆ ఊరి వాన "డెఫిషియంట్". తగ్గిన ఆ 3,300 మిల్లీమీటర్లు అనంతపురంలో ఆరు సంవత్సరాలలో కురిసే వానకు సమానం. అయినను చిరపుంజికి అది లోటే. ఆ ఏడు కురిసిన వానను "స్కాంటీ" అని వాడుక భాషలో ఎవరూ అనజాలరు.

రాజస్థానంలోని జైసల్మేరులో ఏటా కురిసేది సుమారు 200 మిల్లీమీటర్లు. ఒక సంవత్సరం 190 మిల్లీమీటర్లు కురిస్తే తగ్గుదల 5 శాతం మాత్రమే. పట్టికలో అది "సాధారణం". కాని ఆ వాన ఎవరి కంటికైనా స్వల్పమే. వాడుక భాషలో దానిని "స్కాంటీ" అనడం పూర్తిగా సరియైనది.

కాబట్టి ఒకటి విస్తారమై ఉండి కూడ లోటు కావచ్చును; మరొకటి స్వల్పమై ఉండి కూడ లోటు లేకుండ ఉండవచ్చును. ఈ రెండు వాక్యాలు అర్థమైతే రెండు పదాల భేదం అర్థమైనట్లే.

లోటుకు మరొక గుణం గలదు. ప్రమాణం మారితే లోటు మారుతుంది. నైరుతి ఋతుపవన కాలానికి, అనగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు, దేశమంతటికీ కలిపి సాధారణ వర్షపాతాన్ని 1961 నుంచి 2010 వరకు గల లెక్కలనుబట్టి 880.6 మిల్లీమీటర్లుగా కట్టినారు. 2022లో దానిని 1971 నుంచి 2020 వరకు గల లెక్కలనుబట్టి 868.6 మిల్లీమీటర్లుగా సవరించినారు. దేశం మొత్తానికి పది శాతం కంటె ఎక్కువ తగ్గితే ఆ ఋతువును "డెఫిషియంట్" అంటారు. ఒక ఋతువులో 785 మిల్లీమీటర్లు కురిసినదనుకొంటే, పాత ప్రమాణం ప్రకారం తగ్గుదల 10.9 శాతం, అది లోటు ఋతువు. కొత్త ప్రమాణం ప్రకారం తగ్గుదల 9.6 శాతం, అది లోటు ఋతువు కాదు. కురిసిన నీటిలో ఒక్క బొట్టు కూడ మారలేదు. మారినది కుండ అంచు.

2016లో జరిగిన మార్పు

2016 జనవరి నుంచి వాతావరణ శాఖ తన పదజాలాన్ని సవరించినది. 60 నుంచి 99 శాతం తగ్గుదలకు "స్కాంటీ" అనే మాటను తొలగించి "లార్జ్ డెఫిషియంట్", అనగా "భారీ లోటు" అనే మాటను చేర్చినది. అదే విధంగా 60 శాతం గాని అంతకు మించి గాని ఎక్కువైనప్పుడు "భారీ అధికం" అనే తరగతిని కొత్తగా పెట్టినది. దేశం మొత్తానికి వాడుతూ వచ్చిన "కరవు సంవత్సరం" అనే మాట స్థానంలో "లోటు సంవత్సరం" అనే మాట వచ్చినది.

భాషాదృష్టితో చూస్తే ఇది చక్కని సవరణ. ఒకే కొలబద్ద మీది మెట్లకు ఒకే పదం నుంచి పుట్టిన పేర్లు వచ్చినవి. "భారీ లోటు" అనగానే అది కూడ లోటేననీ, పోల్చినది సాధారణ వర్షపాతంతోనేననీ పేరులోనే తెలుస్తున్నది. "స్కాంటీ" అనే మాట మళ్లీ తన సొంత అర్థానికి స్వేచ్ఛగా మిగిలినది. పాత పట్టికలు చదివే విద్యార్థి మాత్రం 2015కు ముందు కనిపించే "స్కాంటీ" అనే మాటను "భారీ లోటు" అని చదువుకోవలెను.

శరీరంలో, ఆకులో, అంకెలలో

ఈ భేదం వానకు మాత్రమే పరిమితం కాదు. శరీరశాస్త్రంలో అయొడిన్ మంచి ఉదాహరణ. పెరిగిన మనిషికి దినానికి కావలసిన అయొడిన్ సుమారు 150 మైక్రోగ్రాములు. ఈ లెక్కన డెబ్బది సంవత్సరాల జీవితానికి మొత్తం నాలుగు గ్రాములైనా కాదు. ఒక తేనీటి చెంచాలో ఇమిడిపోతుంది. ఇంతకంటె స్వల్పమైనది మరేమున్నది? అయినను అవసరం అంతే కాబట్టి, అది అందినంతకాలం లోపం లేదు. ఆ స్వల్పంలో కూడ సగం తగ్గితే అది లోపం. గొంతువాపు రావడానికి అదే కారణం కావచ్చును. కడుపునిండ తినే ఇంటిలో సైతం అయొడిన్ లోపం ఉండవచ్చును.

వృక్షశాస్త్రంలోను ఇట్టిదే కనిపిస్తుంది. పిలకలు వేసే దశలో ఉన్న వరిపైరు ఆకును ఎండబెట్టి పరీక్షిస్తే, కిలోకు 10,000 మిల్లీగ్రాముల పొటాషియం, 30 మిల్లీగ్రాముల జింకు ఉన్నవనుకొందురు గాక. ఏది లోపించినది? అంకెలు చూసిన విద్యార్థి జింకు అంటాడు. అది తప్పు. వరి ఆకులో జింకు కిలోకు సుమారు 20 మిల్లీగ్రాములకు తగ్గినప్పుడే లోపం. 30 ఉన్నప్పుడు చాలినంత ఉన్నట్లు. పొటాషియం కిలోకు సుమారు 15,000 మిల్లీగ్రాములు ఉండవలెను. 10,000 ఉన్నప్పుడు లోపమే. స్వల్పంగా ఉన్నది జింకు, లోపించినది పొటాషియం. వరిలో జింకు నిజంగా లోపిస్తే ఖైరా అనే తెగులు కనిపిస్తుంది. దానికి కారణం జింకు లోపమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై. ఎల్. నెనే తెలియజేసినారు.

19వ శతాబ్దంలో జర్మనీ దేశంలో స్ప్రెంగెల్ కనిపెట్టి, 1840 తరువాత లీబిగ్ ప్రచారంలోనికి తెచ్చిన కనిష్ఠ నియమం చెప్పేది కూడ ఇదే. పైరు ఎదుగుదలను ఆపేది నేలలో అన్నింటికంటె కొద్దిగా ఉన్న పోషకం కాదు. అవసరంతో పోల్చినప్పుడు అన్నింటికంటె ఎక్కువ వెలితి పడిన పోషకం. ఎత్తు సమానంగా లేని పలకలతో కట్టిన పీపాలో నీరు ఎంత పోసినా పొట్టి పలక దగ్గరనే కారిపోతుంది. ఎరువు వేసేవాడు స్వల్పాన్ని చూసి వేస్తే డబ్బు వృథా. లోపాన్ని చూసి వేస్తే పంట.

గణితంలో ఈ మాటకు అతి స్పష్టమైన రూపం కలదు. ఒక సంఖ్యను, అది తప్ప మిగిలిన దాని భాజకాలన్నింటి మొత్తంతో పోల్చడం ప్రాచీన గ్రీకుల పద్ధతి. 6 భాజకాలు 1, 2, 3, మొత్తం 6. ఇది పరిపూర్ణ సంఖ్య. 12 భాజకాలు 1, 2, 3, 4, 6; మొత్తం 16. ఇది అధిక సంఖ్య. 8 భాజకాలు 1, 2, 4; మొత్తం 7. ఇది ఒకటి తక్కువైన న్యూన సంఖ్య. ఆంగ్లంలో దీనిని "డెఫిషియంట్" సంఖ్య అంటారు. 10,00,003 అనే సంఖ్య ప్రధాన సంఖ్య. దానికి 1 తప్ప వేరే భాజకం లేదు. పది లక్షలు దాటిన ఆ సంఖ్య న్యూనం, పన్నెండు అధికం. లోటుకు పరిమాణంతో నిమిత్తం లేదని ఇంతకంటె సూటిగా చెప్పే ఉదాహరణ దొరకదు.

మళ్లీ బి. కొత్తకోట

ఇప్పుడు మొదట చెప్పిన పొలానికి తిరిగి వెళ్లవచ్చును. బి. కొత్తకోట, మదనపల్లె పరిసరాలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మెట్టసీమ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటినుంచి ఈ ప్రాంతం ఆ జిల్లాలోనే ఉండి, 2022లో అన్నమయ్య జిల్లాలో చేరినది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల అవతలనే తమ నీటిలో చాల భాగం విడిచి వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు, బంగాళాఖాతం వాయుగుండాలు తీరంనుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. రెండు ఋతువుల వాన వస్తుందిగాని ఏ ఋతువూ దండిగా ఇవ్వదు. సత్యవేడు, శ్రీకాళహస్తి వంటి తూర్పు ప్రాంతాలతో పోల్చితే పడమటి మెట్ట ప్రాంతాల వాన ఎప్పుడూ తక్కువే.

అనగా ఇక్కడి వాన స్వభావంచేతనే స్వల్పం. ఇది ఒక సంవత్సరపు సంగతి కాదు. ఈ స్వల్పత్వాన్నే లెక్కలోకి తీసుకొని సగటు కట్టినారు కాబట్టి, అంతే వాన కురిసిన ఏడు పట్టికలో "సాధారణం" అని వస్తుంది. వార్త విన్న రైతు "వాన సాధారణమట, మరి మా బావిలో నీళ్లేవి?" అని ఆశ్చర్యపడతాడు. అతని ప్రశ్నలో తప్పు లేదు. పట్టికలోను తప్పు లేదు. పట్టిక వానను దాని గతంతో పోల్చినది. రైతు వానను తన అవసరంతో పోల్చినాడు. వేరుశెనగ పంటకు మొత్తం మీద సుమారు 500 నుంచి 700 మిల్లీమీటర్ల నీరు కావలెనని అంచనా. ఒక ఋతువు సాధారణ వర్షపాతమే అంతకంటె తక్కువైతే, లోటు సున్న అయినా పంటకు నీరు చాలదు.

కాలవిభజన మరొక చిక్కు. జూన్ మొదట నాలుగు మంచి వానలు, సెప్టెంబరు చివర నాలుగు వానలు పడి, మధ్యలో నెల రోజులు చినుకు లేకపోతే, మొత్తం కలిపినప్పుడు సాధారణమని రావచ్చును. ఊడలు దిగే సమయంలో ఎండిన చెనిక్కాయకు సెప్టెంబరు వాన ఏమి మేలు చేస్తుంది? ఇందుచేతనే 2016లో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ వెలువరించిన కరవు నిర్వహణ గ్రంథం వర్షపాత విచలనంతోపాటు మూడు నాలుగు వారాల వర్షవిరామాన్ని కూడ గణించవలెనని చెప్పినది. పైరు స్థితి, నేలలోని తేమ, భూగర్భజలం వంటివి కూడ అందులో పరిశీలనాంశాలు. ఆంధ్రప్రదేశ్‌లో కరవును ప్రకటించడానికి మండలాన్ని ప్రమాణంగా తీసుకోవడానికి కారణం కూడ ఇటువంటిదే. జిల్లా సగటులో తూర్పు వాన పడమటి లోటును కప్పివేయగలదు.

పదాల భేదం ఇక్కడ పుస్తకం దాటి బ్రతుకులోకి వస్తుంది. ఏలననగా లోటుకు చేసే మందు వేరు, స్వల్పానికి చేసే మందు వేరు. లోటు ఒక ఏటి సంఘటన. సాధారణంగా వచ్చేది ఈ ఏడు రాలేదు. కాబట్టి ఆ ఏటికి పెట్టుబడి రాయితీ, అప్పుల వాయిదా, పశుగ్రాసం, తాగునీటి ట్యాంకర్లు కావలెను. మరుసటి ఏడు వాన సాధారణమైతే ఆ అవసరం తీరుతుంది. స్వల్పత్వం ఆ సీమ స్వభావం. దానికి ఒక ఏటి సాయం మందు కాదు. పడిన నీటిని చెరువులలోను కుంటలలోను నిలుపుకోవడం, రాగి, కొర్ర, సజ్జ వంటి తక్కువ నీటి పంటలను విడువకుండ ఉండడం, బొట్టుబొట్టుగా నీరిచ్చే బిందుసేద్యం, దూరపు నదినుంచి కాలువ తేవడం దానికి మందులు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణనీటిని రాయలసీమ మెట్టకు ఎత్తిపోసే హంద్రీ-నీవా పథకం, దాని పుంగనూరు, కుప్పం శాఖాకాలువలు రెండవ రకం ప్రయత్నాలు. స్వల్పాన్ని లోటని పొరపడితే ప్రతి ఏడూ తాత్కాలిక సాయంతో కాలం గడుస్తుంది. లోటును స్వల్పమని పొరపడితే "ఈ సీమలో ఎప్పుడూ ఇంతే" అని కష్టపడిన ఏడు కూడ సాయం అందకుండ పోతుంది. రెండు పొరపాట్లకూ మూల్యం చెల్లించేవాడు రైతే.

తెలుగులో ఏ మాటలు తగును?

"డెఫిషియంట్" అనే మాటకు సందర్భాన్నిబట్టి లోటు, వెలితి, లోపం, న్యూనం అనే మాటలు చక్కగా సరిపోతాయి. వానకు లోటు, శరీరానికి లోపం, సంఖ్యకు న్యూనం. "స్కాంటీ" అనే మాటకు స్వల్పం, కొద్దిపాటి, అరకొర అనేవి తగినవి. "తక్కువ" అనే మాట రెండింటికీ చెల్లుతుంది కాబట్టే రెండింటి భేదాన్నీ దాచివేస్తుంది. శాస్త్రవిషయాలు వ్రాసేటప్పుడు దానిని ఒంటరిగా వాడకుండ, "సాధారణం కంటె తక్కువ" అనో, "అవసరం కంటె తక్కువ" అనో పూర్తి చేయడం మంచిది. రైతు వాడే "పదును" అనే మాట ఈ విషయంలో పాఠం చెప్పదగినది. అది వానను గతంతో పోల్చదు, సీసాలోని నీటిని చూడదు. విత్తనానికి కావలసినంత లోతుకు మన్ను తడిసినదా అని మాత్రమే అడుగుతుంది.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతి గదిలో సులభంగా చెప్పవచ్చును. ఒక పెద్ద బకెట్‌లో మూడు వంతుల వరకు, ఒక చిన్న గ్లాసులో అంచువరకు నీరు పోసి బల్లపై ఉంచవలెను. ఏది స్వల్పం, ఏది వెలితి అని అడిగితే పిల్లలు తామే భేదం చెబుతారు. ఆ తరువాత పాఠశాల ఆవరణలో ఒక వర్షమాపకం పెట్టించి, వానాకాలమంతా ఉదయం 8 గంటల 30 నిమిషాలకు లెక్క వ్రాయించి, తమ మండలం సాధారణ వర్షపాతంతో నెలనెలా పోల్చి శాతం కట్టించవచ్చును. పక్క నిలువుగీతలో, ఆ వారం పొలంలో పదునైనదా లేదా అని ఇంటివద్ద పెద్దలనడిగి వ్రాసుకొని రమ్మనవచ్చును.

ఋతువు ముగిసేసరికి ఆ నోటుపుస్తకంలో మూడు సంగతులు పక్కపక్కన నిలుస్తాయి: ఎంత కురిసినది, ఎప్పుడూ కురిసేదానికంటె ఎంత తగ్గినది, పైరుకు చాలినదా లేదా. మొదటి దానికి జవాబు స్వల్పమనో విస్తారమనో వస్తుంది. రెండవ దానికి లోటనో అధికమనో వస్తుంది. మూడవ దానికి చాలుననో, చాలదనో వస్తుంది. ఈ మూడు ప్రశ్నలను విడివిడిగా అడగడం నేర్చుకొన్న విద్యార్థి "వాన తక్కువ" అనే వార్త విన్నప్పుడు "దేనికంటె?" అని అడుగుతాడు.